కెమెరా పక్కన ఖాళీ చోటు

కిందటి వారం మార్సెలా థోర్న్‌ని మేకప్ కుర్చీలో వదిలి వచ్చాం. మేకప్ అమ్మాయి కళ్ళ కింద మళ్ళీ రంగు పూయబోతే, "వద్దులే తల్లీ, గోడకి సున్నం కొట్టినకొద్దీ పగుళ్ళే కనబడతాయి" అని ఆపేసింది. ఆ ముఖమే ఒకప్పుడు దేశమంతా థియేటర్ల మీద మేడంత ఎత్తున వెలిగింది. ఇప్పుడు ఆమెకి యాభై దాటాయి. భర్త ఎమరీ పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆమె బతుకు ఎక్కడ జారిందో మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. పదిహేడేళ్ళ కిందట, హాలీవుడ్‌లో ప్రతి నటీ కోరుకున్న పాత్ర ఒకటి ఆమె గుమ్మందాకా వచ్చింది. నదిలో సరుకుల పడవ నడిపే ఆడమనిషి పాత్ర. పాత్రకి సరిపోతుందో లేదో చూడటానికి స్టూడియోవాళ్ళు కెమెరా ముందు టెస్ట్ తీశారు. కెమెరామన్ ఆమె భర్తే. ఎమరీ లైటు వేస్తే రాయికైనా కళ వస్తుందని పేరు. అలాంటి ఎమరీ తీసిన టెస్ట్‌లో మార్సెలా అలిసిపోయిన ముసలిదానిలా కనబడింది. స్టూడియో పెద్దాయన చూసి, ఈమె పని అయిపోయింది అన్నాడు. పాత్ర వేరొకరికి పోయింది. ఆ తర్వాత వచ్చినవన్నీ అత్తలూ వదినెలూ. చివరికి కాంట్రాక్టే పోయింది. టెస్ట్ సంగతి తెలిసిన రోజు మార్సెలా భర్త భుజం మీద తల పెట్టి, నీ లైటు పాడుచేశాను, నన్ను క్షమించు అని ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమిరాడు.

ఇన్నేళ్ళకి టెలివిజన్ నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది హెస్టర్ ప్రూయిట్.

హెస్టర్ ఒకప్పుడు మార్సెలాకి స్టాండిన్. లైట్లు సర్దుకునేదాకా మార్సెలా చోట, మార్సెలా గౌను లాంటి గౌను తొడుక్కుని నిలబడే మనిషి. ఏడేళ్ళపాటు ఆ వేడికి తనే కాగింది. అన్నీ కుదిరాక ఎవరో "ఇక జరుగమ్మా" అనేవాళ్ళు. ఆమె జరిగేది. మార్సెలా తన గదిలోంచి చల్లగా వచ్చి, ఆమె నిలబడ్డ గుర్తు మీదే నిలబడేది. ఇప్పుడు అదే హెస్టర్, ఒంటిచేత్తో పశువుల మందల్ని పెంచే విధవరాలిగా, ప్రతి మంగళవారం దేశంలో సగం ఇళ్ళలోకి వస్తోంది. ఇరవై ఏళ్ళ కిందట ఇల్లు వదిలిపోయిన ఆమె అక్కగా మార్సెలాని తీసుకున్నారు.

తీసుకున్నది ఒక్క భాగానికే. కథకి రెండు చివరలు రాసి పెట్టుకున్నారు. ఖర్చు పెట్టే సబ్బుల కంపెనీవాళ్ళకి అక్క నచ్చితే చెల్లెలి ఇంట్లోనే ఉండిపోతుంది, ఏడాది పొడుగునా ప్రతివారం కనిపిస్తుంది. నచ్చకపోతే రైలెక్కి పోతుంది.

ఆ గురువారం మధ్యాహ్నం వంటింటి సీను తీశారు. ఆ సీను మీదే అంతా ఆధారపడి ఉందని మార్సెలాకి తెలుసు. సబ్బుల కంపెనీ మనిషి, గుండ్రటి కళ్ళద్దాలాయన, కాఫీ కప్పు పట్టుకుని వచ్చి సెట్టు అంచున కూర్చున్నాడు.

ఇక్కడే మార్సెలా పొరపాటు చేసింది. సినిమాల్లో పుట్టి సినిమాల్లో పెరిగినవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. సినిమాలో ముందు దూరం నుంచి షాట్ తీస్తారు. తర్వాత భుజాల మీదుగా తీస్తారు. చివరికి ముఖం దగ్గరకి వస్తారు, అదే క్లోజప్. తెలిసిన నటి ఎవరూ దూరం షాట్‌లో ఏడవదు. అంత దూరంలో కన్నీరు ఎవరికి కనబడుతుంది? అక్కడ మాటలు అప్పజెప్పి, గుండెలో ఉన్నదాన్ని క్లోజప్‌కి దాచుకోవాలి. ముందే ఏడ్చేస్తే అసలు సమయానికి కళ్ళు ఎండిన బావులవుతాయి. మార్సెలా ఈ సీను కోసం వారం నుంచీ దాచుకుంటోంది. ఆస్పత్రిలో ఎమరీ ఆఖరి రోజు, ఆయన చెయ్యి తన చేతిలో చల్లబడటం, అది తలచుకుంటే చాలు, గొంతు దాకా వచ్చేది. రాగానే అణిచేసేది. ఇంకా సమయం కాలేదని, నిద్రపోయే బిడ్డ లేచేదాకా పాలు బిగపట్టుకున్న తల్లిలా ఓర్చుకుంది.

దూరం షాట్‌లో హెస్టర్ ఏమీ దాచుకోలేదు. కోపం, ఏడుపు, వణుకు అన్నీ కుమ్మరించింది. మార్సెలా మనసులో జాలిపడింది కూడా. పాపం, ఇంకా నేర్చుకోలేదు, క్లోజప్‌కి ఏం మిగుల్చుకుంటుంది అనుకుంది.

కుర్ర డైరెక్టర్ కర్టిస్ "ఓకే" అన్నాడు. లైట్లు ఆరాయి. పనివాళ్ళు వంటింటి గోడని చక్రాల మీద పక్కకి నెట్టడం మొదలుపెట్టారు. మార్సెలా కాసేపు అక్కడే నిలబడింది. కెమెరా తన వైపు తిరుగుతుందనుకుంది. అది వరండా సెట్టు వైపు పోయింది.

ఆమె కర్టిస్ దగ్గరికి వెళ్ళి తన క్లోజప్ ఎప్పుడని అడిగింది. అతను మర్యాద తెలిసినవాడే. చిన్నప్పుడు మా అమ్మతో మీ సినిమాలన్నీ చూశానండీ అని మొదలుపెట్టి, వంటిల్లు అయిపోయిందనీ, కావలసిందంతా దూరం షాట్‌లో వచ్చేసిందనీ, భాగం మొత్తం మూడు రోజుల్లో ముగించాలి గనుక ప్రతి సీనుకీ దగ్గరి షాట్లు తీసే తీరిక ఉండదనీ చెప్పాడు. ఈ సంగతి ఆమెకి ముందే ఎందుకు చెప్పలేదంటే, చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు.

ఆమె వెనక్కి తిరిగేసరికి సబ్బుల కంపెనీ మనిషి స్క్రిప్టు చూసుకునే ఓపల్‌తో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు తగ్గించానని అనుకున్నాడు గానీ ఖాళీ సెట్టులో గుసగుస కూడా దూరం పోతుంది. మనిషి హుందాగా ఉంది, కాదనను, కానీ చెక్కబొమ్మ, రైలెక్కించండి అన్నాడు.

మార్సెలా చెవులు వేడెక్కాయి. చెక్కబొమ్మ. వారం రోజులు భర్త చావుని పిడికిట్లో పట్టుకు తిరిగిన మనిషికి ఆ మాట. అయినా వాళ్ళని తప్పుపట్టేదెలా? ఇచ్చిందేదీ లేనప్పుడు వాళ్ళు చూసేదేముంటుంది? దాచింది దాచినట్టే లోపల ఉండిపోయింది.

హెస్టర్ గది సెట్టు మూలనే ఉంది, చక్రాల మీది చిన్న ఇల్లు. మార్సెలా జీవితంలో ఎప్పుడూ హెస్టర్ తలుపు తట్టలేదు. ఆ రోజుల్లో హెస్టర్‌కి తలుపున్న గది లేదు. తట్టింది.

హెస్టర్ ఉప్పువేసిన వేడినీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని, డబ్బాలోంచి తీసిన పీచ్ ముక్కలు ఫోర్కుతో గుచ్చుకు తింటోంది. మోకాళ్ళ కింద నరాలు ఉబ్బి, ఊదారంగు తాళ్ళలా ముడులు పడి ఉన్నాయి. మార్సెలా చూపు అక్కడ ఆగడం చూసి ఆమె గౌను కిందికి లాక్కోలేదు.

"చూడు, చూడు. అవి నీవే," అంది హెస్టర్. "నువ్వు కూర్చున్న గంటలన్నీ అక్కడున్నాయి."

మార్సెలా కూర్చోలేదు. వచ్చిన పని చెప్పింది. ఒక్క క్లోజప్ కావాలి. కర్టిస్ తన మాట వినడు, హెస్టర్ మాట వింటాడు. దూరం షాట్‌లో తాను ఏమీ చెయ్యలేదనీ, కావాలంటే చెయ్యగలదనీ హెస్టర్‌కి తెలుసు కదా.

"తెలుసు," అంది హెస్టర్. "పొద్దున్న నిన్ను చూడగానే తెలిసింది. మెడ బిగబట్టి నడుస్తున్నావు, నిండు బిందె ఎత్తుకున్నట్టు. దాచుకుంటోందిలే అనుకున్నాను."

"తెలిసీ ఒక్క మాట చెప్పలేదా?"

"ఎవరికి, మిస్ థోర్న్‌కా?" హెస్టర్ ఫోర్కు కింద పెట్టింది. "షాట్‌కి ముందు ఆవిడతో మాట్లాడకూడదని నాకు మొదటి రోజే చెప్పారు. ఏడేళ్ళు మాట్లాడలేదు. అలవాటైపోయింది."

అది ఆ రోజుల్లో స్టూడియో పెట్టిన నియమం, తనది కాదు అనుకుంది మార్సెలా. కానీ ఆ నియమం తనకి సుఖంగానే ఉండేదని ఆమెకి తెలుసు. చివరికి, ఇంత మనసులో పెట్టుకున్నదానివి నన్నెందుకు పిలిచావని అడిగింది. అవమానించడానికా?

"అవమానించాలంటే నా దగ్గర ఇంత తీరికెక్కడిది? నాకో అక్క కావాలి. కథలో అక్క ఎవరో తెలుసా? అందరూ చూసిన మనిషి. ఎవరూ చూడని చెల్లెలు నేను. ఆ పాత్ర నువ్వు తప్ప ఎవరూ వెయ్యలేరు. అందుకని పిలిచాను. ప్రేమతో కాదులే, భయపడకు."

బయట పనివాళ్ళెవరో నవ్వుకుంటున్నారు. హెస్టర్ కాళ్ళు బేసిన్‌లోంచి తీసి తువ్వాలు మీద పెట్టింది. తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే, ఎమరీని పూడ్చిన రోజు తానూ వచ్చానని చెప్పింది.

మార్సెలా చూడలేదే అంది.

"వెనక నిలబడ్డాను. ముందుకొస్తే ఆయన గురించి రెండు మంచి మాటలు చెప్పమంటారని."

ఆ మాట మార్సెలా ఒంట్లో ఎక్కడో ముల్లులా దిగింది. ఎమరీకీ ఈమెకీ మధ్య ఏమైనా నడిచిందా? రోజూ లైటు కింద ఎదురెదురుగా ఉండేవాళ్ళు ఆ ఇద్దరూ. పాతికేళ్ళ కాపురంలో ఎప్పుడూ రాని అనుమానం, మనిషి పోయాక వచ్చింది. అడగబోయింది. ఇంతలో వరండా సెట్టులో సుత్తి దెబ్బలు ఆగాయి. లైట్లు అక్కడ పెట్టేస్తే ఇక వంటింటికి రావు. అనుమానాన్ని కూడా మింగేసి, క్లోజప్ సంగతేమంటావని అడిగింది.

హెస్టర్ ఆమెని ఎగాదిగా చూసింది. ఆ చూపులో కొంచెం మెచ్చుకోలు లేకపోలేదు.

"ఒక్క టేకే ఇప్పించగలను. రెండోదానికి టైము లేదు."

"చాలు. ఓపల్ మాటలు చదివితే సరిపోతుంది."

ఒకరి ముఖం మీద కెమెరా ఉన్నప్పుడు, ఎదుటి పాత్రధారి కెమెరా పక్కన నిలబడి తన మాటలు తాను చెప్పడం ఆ పనిలో పెద్దమనిషి తరహా. తెర మీద కనబడరు, వాళ్ళ గొంతు కూడా చివరికి కథలో వాడరు. ఆ ముఖానికి చూడటానికి ఒక మనిషి కావాలి, అంతే. పెద్ద పేరున్నవాళ్ళు చాలామంది తమ షాట్ అవగానే కారెక్కిపోతారు. అప్పుడు ఆ చోటు ఖాళీ. స్క్రిప్టు చూసేవాళ్ళెవరో చాకలి పద్దు చదివినట్టు చదువుతారు. మార్సెలా కూడా పేరున్న రోజుల్లో కారెక్కినవాళ్ళలోనిదే.

"ఓపల్ ఎందుకు? నేనే వస్తాను," అంది హెస్టర్. "కాళ్ళు ఆరనీ."

కర్టిస్ గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. గోడ మళ్ళీ వెనక్కి నెట్టారు. ఇక్కడ వచ్చిపోయే నటులకి స్టాండిన్‌లు ఉండరు. మార్సెలానే నిలబడింది. లైట్ల మేస్త్రీ ముసలి గస్ నిచ్చెన మీదనుంచి "గడ్డం కాస్త ఇటు తల్లీ, ఇంకాస్త, ఆ" అంటూ పెద్ద లైటు సర్దుతుంటే ఆ వేడి ఎడమ చెంపని పట్టుకుంది. ఎమరీ ఎప్పుడూ అటే పెట్టేవాడు, కొంచెం ఎత్తుగా. కుడి దవడ బరువుగా ఉంటుందని, ఆ సంగతి మనిద్దరికే తెలియాలని అనేవాడు. నీ ముఖానికి నేను కాపలాదారుని అనేవాడు.

సబ్బుల కంపెనీ మనిషి కోటు తొడుక్కుని వెళ్ళబోతూ, మర్యాద కోసం తలుపు దగ్గర ఆగాడు.

హెస్టర్ చెప్పులీడ్చుకుంటూ వచ్చి కెమెరా అద్దం పక్కనే చెక్కపెట్టె మీద కూర్చుంది. మార్సెలా ఆమె కళ్ళలోకి చూసింది. ఇప్పుడు తెరవాలి. ఆస్పత్రి, తెల్లటి దుప్పటి, ఆయన చెయ్యి. వస్తోంది. వచ్చింది, గొంతు కింద నిలబడింది.

కెమెరా తిరగడం మొదలుపెట్టింది.

"ఇన్నేళ్ళకి మేం గుర్తొచ్చామా?" అంది హెస్టర్, స్క్రిప్టులో ఉన్నట్టే.

"గుర్తురాని రోజేది?" అంది మార్సెలా, స్క్రిప్టులో ఉన్నట్టే.

తర్వాత మాట హెస్టర్‌దే. అమ్మ పోయేముందు నిన్నే తలచుకుంది అనాలి. హెస్టర్ అదే గొంతుతో, అంతే నెమ్మదిగా అంది:

"నీ టెస్ట్ రోజు లైటు కింద నిలబడింది నేనే మార్సెలా. ఎమరీ పై లైటు ఆర్పించాడు. ఇంకోటి తెప్పించి నేల మీద పెట్టించాడు. వేడి చెంపకి తగలాల్సింది, గడ్డం కింద తగిలింది. కిందనుంచి వేస్తే ముఖం ముసలిదవుతుంది, పొరపాటేమోనండీ అన్నాను. నువ్వు నిలబడు చాలు అన్నాడు. నేను నిలబడ్డాను."

కర్టిస్ ఆపడానికి నోరు తెరిచాడు. మార్సెలా ముఖం చూసి మూసుకున్నాడు.

వారం నుంచీ దాచుకున్న ఏడుపు వెనక్కి పోయింది. ఆ చల్లబడుతున్న చెయ్యి ఇప్పుడు ఎవరిదో తెలియకుండా పోయింది. పదిహేడేళ్ళు ఆమె నిందించింది తన ముఖాన్ని. అద్దంలో రోజూ దాన్ని తిట్టింది. నువ్వే నన్ను నట్టేట ముంచావు అంది. ఈ ముఖం వల్ల ఆయన పేరు కూడా చెడిందని, ఆయనకి వండిపెట్టి, మందులు పోసి, ఆఖరి రోజుదాకా ఆ అప్పు తీర్చుకుంటూనే వచ్చింది. క్షమించు అన్నప్పుడు ఆయన జుట్టు నిమిరాడు. ఆ చెయ్యి. ఆ చేతినే ఆమె ఇందాక తలచుకుంది, ఏడవడానికి.

కదిలితే టేకు పోతుంది. అబద్ధం అని అరిస్తే టేకు పోతుంది. ఇక రెండోది లేదు, రైలే. అంత తుఫానులోనూ ఆమెకి ఆ లెక్క తెలుస్తూనే ఉంది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. లోపల ఇల్లు కూలిపోతుంటే, ఆమె మెడ తనంతట తానే వెంట్రుకవాసి ఎడమకి తిరిగి, ముఖాన్ని లైటుకి అందించింది.

కన్నీరు రాలేదు. పెదవి మాత్రం ఒక్కసారి, ఏదో అడగబోయినట్టు విడివడి, మళ్ళీ కలుసుకుంది. అప్పుడు తన మాట చెప్పింది.

"ఉండిపోదామని రాలేదు. ఇల్లొకసారి చూసి పోదామని వచ్చాను."

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు. చివరికి గస్సే నిచ్చెన మీదనుంచి "ఇక చాలు బాబూ, చంపేస్తావా" అన్నాడు. కర్టిస్ ఉలిక్కిపడి "కట్" అన్నాడు.

సబ్బుల కంపెనీ మనిషి కళ్ళద్దాలు తీసి టై కొసతో తుడుచుకున్నాడు. హెస్టర్ నెమ్మదిగా అన్న మాటలు తలుపు దగ్గరున్న ఆయన దాకా వినబడలేదు. వినబడినా అవి కథలోవే అనుకునేవాడు. ఆయన వచ్చి మార్సెలా రెండు చేతులూ పట్టుకుని, రైలు సంగతి మర్చిపొమ్మన్నాడు. కాగితాలు రేపే సిద్ధం చేయిస్తానన్నాడు. ఇంట్లో ఈ ముఖం చూశాక మా ఆవిడ మంగళవారం వంట మానేస్తుందని కూడా అన్నాడు. మార్సెలా నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వడం చాలా ఏళ్ళ కిందటే నేర్చుకుంది. వారమంతా కోరుకున్నది చేతికొచ్చింది. పండు చేతికొచ్చింది గానీ నోట్లో పెట్టుకుంటే బూడిద రుచి వేసింది.

ప్యాకప్ అన్నారు. గస్ లైట్లు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ పోతున్నాడు. హెస్టర్ ఇంకా పెట్టె మీదే కూర్చుని చెప్పులోంచి కాలు తీసి మడమ పిసుక్కుంటోంది. మార్సెలా వెళ్ళి ఆమె ముందు నిలబడింది.

"షాట్ కోసం కట్టిన అబద్ధమే కదా?"

"అబద్ధానికి నీ ముఖం అలా అవదు," అంది హెస్టర్. "ఆ టెస్ట్ తర్వాత నువ్వే ఎన్నోసార్లు అనుకుని ఉంటావు, ఆయన అంత తప్పు ఎలా చేశాడని. అనుకుని, మళ్ళీ నిన్ను నువ్వే తిట్టుకుని ఉంటావు. కాదను, చూద్దాం."

మార్సెలా కాదనలేదు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మాట్లాడకూడదన్నారుగా. పైగా ఆ టెస్ట్ పోతే నీ సినిమాలు పోతాయి, నీ సినిమాలు పోతే నా నిలబడే పని పోతుందని అప్పుడు నాకు తోచలేదు. తోచుంటే చెప్పేదాన్ని." హెస్టర్ లేచింది. "నా స్వార్థం నాకు తెలుసు. నీది నీకు తెలుసా అని ఇవాళ చూశాను. ఆ మాట విని కూడా లైటు వదలలేదు నువ్వు."

"ఎందుకు చేశాడు?" మార్సెలా గొంతు ఇప్పుడు నిజంగా వణికింది, కెమెరా మూతపెట్టేశాక. "నా మీద కోపమా? ఎవరైనా చేయించారా? హెస్టర్, ఎందుకు?"

హెస్టర్ రెండడుగులు వేసి ఆగింది.

"రేపు వరండా సీను చదివావా? అందులో కూడా నీకో క్లోజప్ పెట్టించాను. పెట్టె మీద నేనే కూర్చుంటాను. అప్పుడు చెబుతాను."

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడు చెబితే ఇంటికెళ్ళి ఏడ్చి ఏడ్చి పొద్దున్నకి వట్టిపోతావు. నాకు పని కావాలి." ఆమె తన గది మెట్లెక్కి తలుపు వేసుకుంది.

మార్సెలాకి ఎవరూ అడ్డు లేరు. బయట కారుంది. కాగితాల మీద ఇంకా సంతకం చెయ్యలేదు. ఈ ఆడదాని ముఖం మళ్ళీ చూడకుండా, ఎమరీని ఎలా తలచుకున్నదో అలాగే తలచుకుంటూ మిగిలిన రోజులు గడిపేయొచ్చు. ఇంట్లో గోడ మీద ఆయన ఫోటో కూడా అలాగే ఉంటుంది. ఆమె తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఓపల్ రేపటి షాట్లు ఏ వరసలో తియ్యాలో పనివాళ్ళకి చెబుతోంది.

మార్సెలా ఆమె పక్కన ఆగి, రేపు మేకప్‌కి తాను ఎన్నింటికి రావాలని అడిగింది.